దుక్కులు ముగిసేలోపే కరెంటు తీగలు తీయించండి

సంపాదకులు గారికి నమస్కారాలు.

పాడేరు మన్యంలో ఈసారి ఉగాది వెళ్లీ వెళ్లకముందే వానలు పట్టుకున్నాయి. మామూలు ఏడాదిలో చైత్ర మాసమంటే మా మెట్ట చేలు బీటలు వారి, పశువులు తప్ప మనిషి అడుగు పెట్టని కాలం. ఇప్పుడు వరుసగా పడిన జల్లులకు నేల లోపలి దాకా నానింది. ఇప్పపువ్వు ఏరుకునే వాళ్లకు ఈ వాన నష్టమే తెచ్చింది గానీ, పసుపు కొమ్ము పెట్టాలనుకునే వాళ్లు, చోడికీ సామకూ నేల సిద్ధం చేసుకునే వాళ్లు తొలకరి దాకా ఆగకుండా అరకలు కట్టారు. ఇటుకల పండుగ వేట జరిగేది ఈ రోజుల్లోనే, అడవి పందుల కోసం చేల గట్ల మీద ఉచ్చులు, కరెంటు తీగలు పెట్టేదీ ఈ రోజుల్లోనే. ఎండ కాసిన ఏడాదిలో ఉచ్చులు పెట్టిన చోట రైతు ఉండడు, రైతు దిగేనాటికి ఉచ్చులు ఉండవు. వాన ముందుగా పడిన ఏడాదిలో వేట, ఉచ్చు, విత్తనం మూడూ ఒకే చేనులో కలుస్తున్నాయి. ఆ ప్రమాదాన్ని అధికారుల దృష్టికి తేవాలనే ఈ లేఖ రాస్తున్నాను.

మైదాన ప్రాంతపు పాఠకులకు ఇటుకల పండుగ గురించి కొంత చెప్పాలి. మగవాళ్లు విల్లంబులు, బల్లేలు పట్టుకుని గుంపుగా అడవికి పోతారని, ఆడవాళ్లు దారికి అడ్డంగా కర్ర పెట్టి వచ్చేపోయే వాళ్ల దగ్గర పండుగ డబ్బులు అడుగుతారని పత్రికల్లో ఏటా వస్తూనే ఉంటుంది. ఆ పండుగకు మూలం మాత్రం విత్తనం. ఇంటింటి నుంచీ తెచ్చిన గింజలను పూజారి గ్రామదేవత ముందు పెట్టి పూజ చేస్తాడు. ఆ పూజ గింజలను ఇంటి విత్తనాల్లో కలుపుకుని గానీ చేను చల్లం. వేట కూడా పట్టపగలు, ఊరందరికీ తెలిసి జరిగేదే. అయినా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం వేట నేరమే, ఉచ్చు పన్నడం కూడా ఆ చట్టం దృష్టిలో వేటే. అడవి కోళ్లు, కౌజులు నేల మీద గుడ్లు పెట్టి పొదిగే ఈ కాలంలో వేటను అడవి చుట్టి వచ్చే ఆచారం వరకే ఉంచి, విత్తనాల పూజను మాత్రం ఏ లోటూ లేకుండా జరుపుకోవాలని నా అభిప్రాయం. మా పెద్దల్లో కొందరికి ఇది నచ్చదని తెలిసే రాస్తున్నాను.

పండుగ పేరు చెప్పుకుని సాగుతున్న రెండో వ్యవహారం వేరు, దాన్ని మా ఆచారంతో ముడిపెట్టడం అన్యాయం. పాత మోటారు సైకిళ్ల క్లచ్ వైరును చుట్టగా వేసి, ఒక కొసను గట్టు మీది మొక్క మొదలుకు బిగించి, పంది తల దూరే ఎత్తులో ఆకుల మధ్య వేలాడదీస్తారు. పొడి నేల మీద పంది ఏ దారిన పోతుందో చెప్పడం అనుభవం ఉన్న వాడికే సాధ్యం. వాన వెలిసిన మర్నాడు చూస్తే గిట్టల గుర్తులు అచ్చు వేసినట్టు కనిపిస్తాయి. వేట తెలియని కుర్రవాడు కూడా ఆ జాడ వెంబడి పోయి ఉచ్చు పెట్టగలడు. మెత్తబడిన నేలలో దుంపల కోసం, వానపాముల కోసం తవ్వుకునేందుకు పందులు కూడా అడవి వదిలి చేలల్లోకే దిగుతాయి. అందుకే తడి చైత్రంలో ఉచ్చులు పెరుగుతాయి. ఆ ఉచ్చుకు పంది ఒక్కటే చిక్కాలన్న నియమం ఏమీ లేదు. కుందేలు, ముళ్లపంది, మేతకు వెళ్లిన మేక, ఏది ముందు వస్తే దాని మెడకు బిగుస్తుంది. తెలంగాణలోని చెన్నూరు అడవుల్లో కె4 అనే ఆడపులి నడుముకు బిగిసిన ఉచ్చు తీగతోనే తిరగవలసి వచ్చిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది.

ఉచ్చు కన్నా ఘోరమైనది కరెంటు తీగ. పొలం మీదుగా పోయే లైనుకు కొక్కెం తగిలించి, ఇనుప తీగను మోకాలి ఎత్తులో చిన్న కర్రల మీదుగా చేను పొడవునా లాగుతారు. కొందరు ఇంటి కనెక్షన్ నుంచి లాగితే, కొందరు తెగించి 11 కేవీ లైనుకే తగిలిస్తారు. ఎండిన నేల మీద చెప్పులు వేసుకున్న మనిషికి తగిలే దెబ్బ వేరు, నానిన దుక్కిలో వట్టి కాళ్లతో నిలబడిన మనిషికి తగిలే దెబ్బ వేరు. తడి వల్ల ఒంటి గుండా నేలలోకి కరెంటు సులువుగా పోతుంది. పెద్ద లైనుకు తగిలించిన తీగ గాలికి ఊడి తడి నేల మీద పడితే, దాన్ని ముట్టుకోకపోయినా దగ్గరగా అడుగు వేసిన వాడికి ముప్పే. ఎండెక్కకముందే నాలుగు సాళ్లు దున్నుకోవాలని రైతు చీకటితోనే ఎద్దులను తోలుకొస్తాడు. తీగ పెట్టిన వాడు అప్పటికి వచ్చి విప్పాడో, నిద్రపోయాడో ఎవరికి తెలుసు? 2024 ఫిబ్రవరిలో భూపాలపల్లి జిల్లా అడవుల్లో కూంబింగుకు వెళ్లిన గ్రేహౌండ్స్ జవాను ఒకరు ఇలాంటి తీగ తగిలే ప్రాణం పోగొట్టుకున్నారు. శిక్షణ పొందిన జవానుకే కనపడని తీగ, అరక వెనక తల వంచుకుని నడిచే రైతుకు ఎలా కనపడుతుంది?

అయితే తీగ పెట్టే వాళ్లందరూ మాంసం అమ్ముకునే వాళ్లు కారు. మొక్కజొన్న కంకి పాలు పట్టే వేళకు పందుల మంద ఒక్క రాత్రిలో చేనంతా తొక్కి పోతే, ఏడాది తిండి పోయిన రైతుకు వచ్చే కోపం నాకు తెలుసు. అడవి పంది ఇప్పుడు వన్యప్రాణి చట్టం రెండో షెడ్యూలులో ఉంది. పంటకు హాని చేసే జంతువును చంపాలంటే పదకొండో సెక్షన్ కింద అధికారి రాతపూర్వకంగా అనుమతించాలి. కొండ మీది ఊరి నుంచి అర్జీ పెట్టి, ఆ అనుమతి చేతికి వచ్చేలోపు పంట మిగలదు. కాబట్టి తీగలు తీసేయమని రైతుకు చెప్పే ముందు, నష్టం సంగతి ఎవరు చూస్తారో ప్రభుత్వం చెప్పాలి.

దానికి దారి లేకపోలేదు. అడవి జంతువుల వల్ల జరిగే పంట నష్టాన్ని 2026 ఖరీఫ్ నుంచి ప్రధానమంత్రి ఫసల్ బీమా పథకంలో చేరుస్తున్నట్టు కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది. ఏయే జంతువులకు, ఏయే ప్రాంతాలకు ఇది వర్తిస్తుందో రాష్ట్రాలు నోటిఫై చేయాలి. మన జాబితాలో అడవి పంది, మన్యం మండలాలు తప్పక ఉండాలి. నష్టం జరిగిన 72 గంటల్లోగా రైతు ఫోటోలతో సహా యాప్‌లో తెలపాలన్నది నిబంధన. సిగ్నల్ కోసం కొండ ఎక్కవలసిన ఊళ్లలో ఈ నిబంధన వల్ల బీమా కాగితం మీదే మిగిలిపోతుంది. రైతు సేవా కేంద్రం సిబ్బంది స్వయంగా వచ్చి నమోదు చేసే ఏర్పాటు ఉండాలి, అటవీ హక్కుల పట్టా ఉన్న భూములకూ అది వర్తించాలి. వేరుశనగ చుట్టూ కుసుమ, మొక్కజొన్న చుట్టూ ఆముదం నాలుగు వరుసలు వేస్తే పందులు లోపలికి రావడం తగ్గుతుందని వ్యవసాయ శాస్త్రవేత్తలు ఎప్పటి నుంచో చెబుతున్నారు. గట్టు పంట విత్తనం ఇప్పుడే, దుక్కి తడి ఆరకముందే, రైతు చేతికి అందితే ఉపయోగం. జూలైలో ఇస్తే ఎవరికి కావాలి? నాలుగైదు కుటుంబాలు కలిసి సౌర కంచె వేసుకుంటే సబ్సిడీ ఇవ్వాలి. సరైన యంత్రంతో అమర్చిన సౌర కంచెలో సెకనుకు ఒకసారి లిప్తకాలం మాత్రమే కరెంటు తట్టి వదులుతుంది కాబట్టి జంతువు బెదిరి వెనక్కి పోతుంది, చావదు. దొంగ తీగకూ దానికీ పోలికే లేదు.

ఇక తక్షణం జరగవలసిన పని విద్యుత్ శాఖది, అటవీ శాఖది. లైన్‌మన్, బీట్ అధికారి, పంచాయతీ నుంచి ఒకరు కలిసి దుక్కులు సాగుతున్న చేల మీది లైన్ల వెంబడి నడిచి చూడాలి. లైను మీద కొక్కేలు వేసిన గుర్తులు, గట్ల మీద వరుసగా పాతిన చిన్న కర్రలు కనిపిస్తే ఆ రోజే పీకించాలి. మొదటి విడతలో తీగలు తెచ్చి అప్పగించిన వాళ్ల మీద కేసు పెట్టబోమని దండోరా వేయిస్తే చాలామంది ముందుకొస్తారని ఊళ్లో తిరిగే మనిషిగా చెప్పగలను. ఆ తర్వాత కూడా పెట్టిన వాళ్ల మీద విద్యుత్ చౌర్యం కింద, వన్యప్రాణి చట్టం కింద నిర్దాక్షిణ్యంగా కేసులు నమోదు చేయాలి. మా వైపు పసుపు కొమ్ము పెట్టడం ఇప్పటికే మొదలైంది. కలెక్టరు గారు, ఐటీడీఏ ప్రాజెక్టు అధికారి గారు ఈ వారంలోనే ఉత్తర్వులు ఇచ్చి, మొదటి తనిఖీ అడవిని ఆనుకుని ఉన్న చేలతో ప్రారంభించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక గిరిజన రైతు,
జి. మాడుగుల మండలం, అల్లూరి సీతారామరాజు జిల్లా