పాత పాఠాన్ని నమ్ముకున్న విద్వాంసులకు కొలువు ఎక్కడ?

సంపాదకులు గారికి,

నమస్కారాలు. సంగీతం చదువుకున్న యువతీయువకులకు బతుకుదెరువు ఎక్కడ అన్న విషయంపై ఈ మధ్య మీ పత్రికలో వచ్చిన ఉత్తరాలను శ్రద్ధగా చదివాను. సినిమా నేపథ్యగానం, టీవీ పోటీలు, విదేశాల్లోని తెలుగు పిల్లలకు ఇంటర్నెట్‌లో పాఠాలు చెప్పడం అనే మూడు దారుల గురించే అందరూ రాశారు. ఇంకొక రకం వారు కూడా ఉన్నారు. ఒక కీర్తనను వాగ్గేయకారుని శిష్యులు ఏ గమకంతో (స్వరాన్ని ఊపే, జార్చే తీరుతో), ఏ నడకతో పాడేవారో, దాన్ని ఎలాంటి వాద్యంపై వాయించేవారో పాత గ్రంథాల్లోనూ, పాత కుటుంబాల్లోనూ వెతికి, ఆ పాఠాన్ని, అంటే కీర్తన పాత రూపాన్ని, అలాగే వినిపించడమే జీవితకాలపు పనిగా పెట్టుకున్నవారు వీరు. అమలాపురం పరిసరాల్లో 31 ఏళ్ళు వీణ నేర్పిన దాన్ని కాబట్టి, వారి తరఫున నాలుగు మాటలు రాయడం నా బాధ్యత అనుకుంటున్నాను.

నా దగ్గర చిన్నప్పటి నుంచి వీణ నేర్చుకున్న ఒక అబ్బాయి ఇంజనీరింగ్ చదువుతూనే సుబ్బరామ దీక్షితుల వారి 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' అనే స్వరలిపి గ్రంథాన్ని ముందు పెట్టుకుని, ఒక్కొక్క కీర్తనకు నెలల తరబడి సాధన చేశాడు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులకు దౌహిత్రుడూ దత్తపుత్రుడూ అయిన సుబ్బరామ దీక్షితులు ఆ మహాగ్రంథాన్ని 1904లో ఎట్టయపురంలో తెలుగు లిపిలో అచ్చు వేయించారు. తమిళనాడు నడిబొడ్డున అచ్చయిన ఆ పుస్తకాన్ని తమిళ విద్వాంసులు చాలామంది తరువాత వచ్చిన తమిళ ప్రతిలో చదువుకోవలసి వచ్చింది గాని, మన పిల్లలు మూలాన్నే తెరిచి చదువుకోగలరు. కంపితం, స్ఫురితం, నొక్కు, వళి, జారు వంటి గమకాలకు అందులో విడివిడిగా గుర్తులు ఉన్నాయి. ఏ స్వరాన్ని ఊపాలో, ఏ స్వరాన్ని ఊపకుండా నిలపాలో ఆ గుర్తులే చెబుతాయి. మనం హేమవతి అని పిలుచుకునే రాగం ఆ సంప్రదాయంలో దేశిసింహారవం, మన సింహేంద్రమధ్యమం అక్కడ సుమద్యుతి. పేర్లతో పాటు రాగం నడిచే తీరు కూడా కొన్ని చోట్ల వేరుగా ఉంటుంది. ఆ తేడా వేలికి పట్టుబడాలంటే ఏళ్ళు పడుతుంది.

కొన్నేళ్ళ క్రితం గోదావరి డెల్టాలోని ఒక సభలో అతడికి గంట సేపు కచేరీ దొరికింది. 'వాతాపి గణపతిం' కీర్తనను ప్రదర్శినిలో ఉన్నట్టే వాయించాడు. ఈనాడు మనం వినే సంగతుల వరుస, అంటే ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే తీరు, ఆ పాఠంలో లేదు. వాటిని తరువాతి విద్వాంసులు, ముఖ్యంగా మహా వైద్యనాథయ్యర్, పెంచారని సంగీతలోకంలో చెప్పుకుంటారు. సంగతుల బరువు లేని ఆ కీర్తన హంసధ్వని రాగాన్ని ఎంత నిదానంగా, ఎంత నిండుగా చూపిస్తుందో ఆ సాయంత్రం నేను విన్నాను. నిర్వాహకులొకరు మాత్రం కచేరీ అయ్యాక అతణ్ణి పక్కకు పిలిచి, "సంగతులు ఇంకా కుదరలేదు బాబూ, బాగా సాధన చేసి మళ్ళీ రా" అన్నారు. చేతిలో పెట్టిన కవరులో దారి ఖర్చులకు సరిపోయేంత కూడా లేదు. ఆయన మీద నాకు కోపం లేదు, ఆ పాఠం ఒకటి ఉందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆ అబ్బాయి మాత్రం మరుసటి ఏడాదే హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరిపోయాడు.

ఇలాంటి పనికి యూరప్‌లో ఇప్పుడు ఒక వృత్తిగా గుర్తింపు ఉంది. పద్దెనిమిదో శతాబ్దపు జర్మన్ స్వరకర్త బాఖ్ కాలపు సంగీతాన్ని ఆ కాలపు వాద్యాలపై, ఉక్కు తీగలకు బదులు పేగు తంతులు బిగించి, నేటి శ్రుతి కంటే సుమారు అర స్వరం తగ్గించి వాయించేవారు అక్కడ ఎందరో ఉన్నారు. వేణువు మీద క్వాంట్జ్ 1752లో, వయొలిన్ మీద లియోపోల్డ్ మొజార్ట్ 1756లో రాసిన గ్రంథాలే వారికి ప్రదర్శిని వంటివి. ఈ విద్య కోసమే స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో 1933లో ఒక ప్రత్యేక విద్యాలయం పుట్టింది. న్యూయార్క్‌లోని జూలియార్డ్ సంగీత విద్యాలయం 2009లో దీన్ని ప్రత్యేక శాఖగా మొదలుపెట్టింది. అయితే ఆ మార్గం వేసినవారు ఎలా బతికారన్నది మనం ముఖ్యంగా గమనించాలి. నికొలాస్ హార్నన్‌కూర్ 1952లో వియన్నా సింఫనీ ఆర్కెస్ట్రాలో చెల్లో వాద్యకారుడిగా ఉద్యోగంలో చేరి, మరుసటి ఏడాది భార్య ఆలిస్‌తోనూ కొందరు మిత్రులతోనూ కలిసి పాత వాద్యాల బృందం ఏర్పాటు చేశారు. ఆ బృందం నాలుగేళ్ళు సాధన చేసి 1957లో గాని బహిరంగ కచేరీకి రాలేదు, ఆయన 1969 దాకా ఆ ఉద్యోగం వదలలేదు. పదిహేడేళ్ళ పాటు నెల జీతం ఆ ప్రయోగాన్ని మోసింది. ఈ రంగంలో నేటికీ అక్కడ చాలామందికి స్థిరమైన కొలువు లేదు. కచేరీకి ఇంత అని తీసుకుంటారు, రెండు మూడు బృందాల్లో వాయిస్తారు, పాఠాలు చెబుతారు, రాతప్రతుల నుంచి స్వరలిపి పరిష్కరించి అచ్చుకు సిద్ధం చేస్తారు, హార్ప్సికార్డ్ (పియానోకు ముందుతరం మెట్ల వాద్యం) వాయించేవారైతే తమ వాద్యాన్ని తామే శ్రుతి చేసుకుంటారు. ఇన్ని పాయలు కలిస్తే గాని ఒక జీవనం కాదు. కాని ఆ పాయల్లో ప్రతిదానికీ ఎంతో కొంత విలువ కట్టే వ్యవస్థ అక్కడ ఉంది.

మనకు అలాంటి వ్యవస్థ ఎన్నడూ లేదనడం సరికాదు. 1948లో మొదలైన విజయవాడ ఆకాశవాణి కేంద్రంలో 'నిలయ విద్వాంసులు' అనే మాట మా తరం వారందరికీ తెలుసు. నెల జీతం తీసుకుంటూ వాయించడం, పాడడం, పాత రచనలను వెలికితీయడం వారి పని. భక్తిరంజని అనే భక్తిగీతాల కార్యక్రమం ఆ నీడలోనే పెరిగింది. నిడదవోలులో పుట్టిన బాలాంత్రపు రజనీకాంతరావు గారు ఆకాశవాణి ఉద్యోగంలో ఉంటూనే వాగ్గేయకారుల చరిత్రను తెలుగువారికి గ్రంథంగా రాసి ఇచ్చారు. ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి గారి వీణను ఢిల్లీ ఆకాశవాణి ఆదరించింది. క్రమంగా ఆ కొలువులు తగ్గిపోయాయి. కాకినాడ, రాజమహేంద్రవరం, భీమవరం వంటి పట్టణాల్లో రసికులైన శ్రోతలు ఇప్పటికీ ఉన్నారు. వారి చందాలతో ఒక కచేరీ జరుగుతుంది గాని, ఒక విద్వాంసుడి ఇల్లు ఏడాది పొడవునా గడవదు.

ఈ డెల్టాలో పుస్తకాలకు ఎక్కని పాఠం కూడా ఒకటి ఉంది. కోనసీమలోనూ పశ్చిమ గోదావరిలోనూ ఆటపాటలే వంశవృత్తిగా ఉన్న కళావంతుల కుటుంబాల స్త్రీలు క్షేత్రయ్య పదాలను, జావళీలను, సలాం దరువులను, భామాకలాపాన్ని, గొల్లకలాపాన్ని తరతరాలుగా కంఠంలో దాచుకున్నారు. దేవదాసీ వ్యవస్థపై 1947లో మద్రాసు రాష్ట్రం చట్టం చేసింది. ఆ చట్టం అవసరమే. అయితే ఆ వ్యవస్థతో పాటు వారి విద్యను కూడా సమాజం తలుపు వెనక్కి నెట్టేసింది. కూర్చుని అభినయిస్తూ, ఒకే పదాన్ని గంట సేపు పాడగల ఆ గాయనులు పెళ్ళిళ్ళకూ ఉత్సవాలకూ పిలుపులు ఆగిపోయాక ఇళ్ళల్లో నిశ్శబ్దంగా ఉండిపోయారు. తరువాత నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ గారి వంటివారు వారి దగ్గరకు వెళ్ళి నేర్చుకుని ఆంధ్రనాట్యానికి రూపం ఇచ్చారు, పరిశోధకులు వచ్చి రికార్డు చేసుకున్నారు. నేర్పిన ఆ పెద్దమ్మలలో ఎంతమందికి అధ్యాపకురాలన్న పేరూ, దానికి తగిన వేతనమూ దక్కాయి? అన్నమయ్య రేకుల మీద రాగం పేరే తప్ప స్వరం లేదు కాబట్టి, ఆ పాత వరుసలను ఎవరూ తిరిగి తీసుకురాలేరు. పదాల విషయంలో మనకు ఆ సాకు లేదు, పాడగలిగినవారు మన కళ్ళ ముందే ఉండేవారు.

అందుకే ప్రభుత్వాన్ని నేను కోరేది కొత్త విద్యాలయం కాదు. ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాలల్లో ఖాళీలు భర్తీ చేసేటప్పుడు డెల్టా ప్రాంతానికి రెండు మూడు పోస్టులైనా పాత పాఠాంతరాల పరిశోధనకూ ప్రదర్శనకూ కేటాయించాలి. వారానికి కొన్ని గంటలు పాఠం చెప్పి, మిగిలిన కాలం గ్రంథాలతోనూ వృద్ధ విద్వాంసులతోనూ గడపడం ఆ ఉద్యోగంలోనే భాగం కావాలి. డిగ్రీ లేకపోయినా పరంపర ఉన్న వారిని, ముఖ్యంగా కళావంతుల కుటుంబాల వారిని, గౌరవ వేతనంతో బోధకులుగా పిలవాలి. వారి పాఠం రికార్డు చేస్తే దానిపై వారికీ వారి వారసులకూ హక్కు ఉండాలి. రాజమహేంద్రవరంలోని గౌతమీ గ్రంథాలయంలో తాళపత్రాలు ఉన్నాయి. వాటిలోనూ, డెల్టా ఇళ్ళలోని చేతిరాత పుస్తకాల్లోనూ సంగీతానికి సంబంధించినవి ఏవో చూసి జాబితా చేయడానికి ఇలాంటి వారే తగినవారు. ఆకాశవాణి వారు బి, బి హై, ఏ అంటూ గ్రేడులు ఇచ్చేటప్పుడు, ప్రదర్శిని పాఠాన్ని పాడిన అభ్యర్థికి 'సంగతులు రాలేదు' అని మార్కులు తగ్గకుండా, ఆ పాఠం తెలిసిన ఒక్కరైనా పరీక్షకులలో ఉండేలా చూడాలి.

వాద్యాల సంగతి కూడా ఇందులోనే చేరుతుంది. కోనసీమలో పనసకు కొరత లేదు గాని, వీణ మెట్లు మైనంలో సరిగ్గా అమర్చే చేయి దొరకడం లేదు. ఎండాకాలంలో మైనం మెత్తబడి మెట్లు కదిలితే నా శిష్యులు వీణను బొబ్బిలికో నూజివీడుకో మోసుకుపోవలసి వస్తోంది. ఈ పని నేర్చిన యువకుడికి కూడా ఇదే రంగంలో ఉపాధి ఉంటుంది.

సభల నిర్వాహకులకు కూడా ఒక మనవి. ఏడాదిలో ఒక్క సాయంత్రం పాత పాఠానికి ఇవ్వండి, ఆ పాఠం ఎక్కడిదో కచేరీకి ముందు అయిదు నిమిషాలు విద్వాంసుణ్ణే చెప్పనివ్వండి, మామూలు కచేరీకి ఇచ్చే సంభావనలో తగ్గించకండి. తెలియని సంగీతాన్ని తప్పు సంగీతమని శ్రోతలు అనుకోకుండా ఉండడానికి ఆ అయిదు నిమిషాలు చాలు.

నా శిష్యుడు ప్రదర్శిని ప్రతిని నా దగ్గరే వదిలి వెళ్ళాడు. పుటల అంచుల్లో పెన్సిలుతో రాసుకున్న గుర్తులు దేశిసింహారవం దగ్గర ఆగిపోయాయి. నేను కోరిన పోస్టులకు ప్రకటన వెలువడిన రోజున మొదటి దరఖాస్తు అతడి చేతే పెట్టిస్తాను.

ఇట్లు,
ఒక వీణ ఉపాధ్యాయురాలు,
అమలాపురం, కోనసీమ.