ఆ రూపాయి ఇంకా ఉందా?

కొలంబస్, ఒహాయో

ఒరేయ్ మావా,

ఉత్తరం రాసి ఎన్నాళ్లయిందో! ఫోన్లో చెప్తే సగం వినవు, అందుకే రాస్తున్నా. కాఫీ కలుపుకుని కూర్చో.

మా పక్కింటి పెద్దాయన తెలుసుగా, మా కరివేపాకు మొక్కని వేసవంతా వాళ్ల ఎండలో పెట్టుకునే ఆయన. మొన్న ఆదివారం పిలిచి ఒక తువ్వాలు మూట విప్పాడు. లూగర్ పీ-08, జర్మన్ సైన్యం వాడిన పాత పిస్తోలు! వాళ్ల నాన్న రెండో ప్రపంచ యుద్ధం నుంచి తెచ్చిందట. "నీకు వీటి పిచ్చి కదా, ఒరిజినలేనా, ఎంత చేస్తుందో చెప్పు" అన్నాడు. నా చేతులు వణికాయంటే నమ్ము. ముందు తూటాలుండే మ్యాగజైన్ తీసి, పైనున్న మోకాలు కీలు లాంటిది వెనక్కి లాగి, లోపల తూటా లేదని రెండుసార్లు చూసుకున్నాకే మిగతాదంతా.

గొట్టం మొదట్లో పైన 1936 అని సంవత్సరం, కీలు మీద ఎస్/42 అని గుర్తు. అంటే జర్మనీలోని మౌజర్ ఫ్యాక్టరీదే. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీ ఆయుధాలకి హద్దు పెట్టిన వెర్సాయ్ ఒప్పందం వల్ల అప్పట్లో పేరు కొట్టకుండా ఇలా గుర్తు వేసేవాళ్లు. అసలు సరదా అంకెల్లో ఉందిరా. పూర్తి నంబరు ఫ్రేమ్ మీదా గొట్టం మీదా ఉంటే, చిన్న చిన్న ముక్కల మీద చివరి రెండంకెలు కొడతారు. సైన్యానికి చేసినవాటిలో అవి బయటికే కనిపిస్తాయి, జనానికి అమ్మినవాటిలో ఎక్కువగా కనపడకుండా కొట్టేవాళ్లు. భూతద్దం పట్టుకుని ఒక్కో ముక్కా చూశా. 47, 47, 47... ఎడం పక్క రేకు దగ్గరికొచ్చేసరికి 91! నా మొహం చూసి పెద్దాయన నవ్వాడు. వాళ్ల నాన్నా, ఇంకో సైనికుడూ చెరొకటి దొరకబుచ్చుకుని, ఒకే దుప్పటి మీద విప్పి తుడుచుకున్నారట. అక్కడ మారిపోయి ఉంటుందన్నాడు. కథ బాగుంది, కానీ కథకి డబ్బులివ్వరుగా, అన్ని ముక్కల అంకెలూ కలవాలి. మ్యాగజైన్ అడుగున కూడా వేరే నంబరే.

రంగు మాత్రం అద్భుతం రా. అప్పటి పూత అంటే ఇనుముకి కావాలని తుప్పు పట్టించి, గీకి, మళ్లీ పట్టించి తెచ్చిన నల్లనీలం. ట్రిగ్గరూ సేఫ్టీ మీటా మాత్రం వేడితో తెచ్చిన లేత బెల్లప్పాకం రంగు. 1937లో మౌజర్ వాళ్లు ఆ పద్ధతి మానేసి అన్నీ ఒకే నీలం చేసేశారు. కాబట్టి 1936 తుపాకీకి ట్రిగ్గర్ నీలంగా ఉంటే అనుమానపడాల్సిందే. దీనికి సరిగ్గా ఉంది. అంచులు కూడా వేలికి గుచ్చుకునేంత పదునుగా ఉన్నాయి. సానపట్టి కొత్త పూత వేసినదైతే అంచులు గుండ్రబడతాయి, అంకెలు పలచబడతాయి.

ఇంతలో వాళ్లబ్బాయొచ్చి, "గీతలు పడ్డాయి కదా, కొత్త పూత వేయిద్దామా" అన్నాడు. నాకు నువ్వు గుర్తొచ్చావు! చార్మినార్ బొమ్మున్న నిజాం రూపాయిని విబూదితో తళతళా తోమి పట్టుకెళ్తే, పాత నాణేల కొట్టాయన "బాబూ, ఎంత పని చేశావు" అని తల పట్టుకోలేదూ? తోమితే పాత వస్తువు విలువ పోతుందని ఆ కథే చెప్పా అతనికి. నీ పరువు ఒహాయో దాకా వచ్చింది, ఏం చేస్తాం.

తోలు ఒర మూతలో, పనిముట్టు పెట్టుకునే చిన్న అరలో, ఎనిమిది మడతల కాగితం దొరికింది. సైనికుడు స్వాధీనం చేసుకున్న ఆయుధాన్ని ఇంటికి తీసుకెళ్లొచ్చని అధికారి సంతకంతో, టైపు కొట్టిన అనుమతి! నంబరు కలిసింది, దాని వెనకుండే అక్షరం మాత్రం రాయలేదు. అంకెలు పదివేలు దాటగానే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టి అక్షరం తగిలించేవాళ్లు కాబట్టి ఆ అక్షరం ముఖ్యమే. అయినా నాకు సందేహం లేదు. రేకు నంబరు కలవకపోయినా కాగితం ఆదుకుంటుందని, పదిహేను వందల నుంచి రెండు వేల డాలర్ల మధ్య అడగొచ్చని చెప్పా. ఆయన అమ్మేలా లేడులే. నాకు అమ్ముతారా అని నేను అడిగేశానని మీ చెల్లెలికి మాత్రం చెప్పకు.

ఒరలో పెట్టి దాచొద్దని చెప్పి వచ్చా, తోలు చెమ్మ పీల్చి ఇనుముని తినేస్తుంది. కాగితం వేరే కవర్లో పెట్టించా.

ఇంతకీ ఆ రూపాయి ఇంకా ఉందా, తిట్టుకుని పారేశావా? ఉంటే రెండు వైపులా ఫొటో తీసి పంపు. మళ్లీ తోమకు.

నీ
మావ