కలెక్టర్ గారూ, ఆ నంబరు గేటు మీద రాయించండి

గుంటూరు జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం.

మాది చర్చి స్త్రీల సమాజం. మార్చిలో న్యూయార్క్‌లో జరిగే ఐక్యరాజ్యసమితి మహిళా సమావేశాలకు వైడబ్ల్యూసీఏ లాంటి క్రైస్తవ మహిళా సంఘాలు వెళ్లి స్త్రీల హక్కుల గురించి గట్టిగా అడుగుతాయి. ప్రార్థన కూటంలో ఆ సంగతులు చెబుతున్నాను. మిరప తొడిమలు తీసి వచ్చిన ఒకావిడ, మండే వేళ్లకు కొబ్బరినూనె రాసుకుంటూ, "మేస్త్రీ చెయ్యేస్తే ఎవరికి చెప్పాలమ్మా, న్యూయార్క్‌కా?" అంది. నాకు నోట మాట రాలేదు.

ఐక్యరాజ్యసమితి చేసిన, స్త్రీలపై వివక్ష నిర్మూలన ఒప్పందాన్ని మన దేశం 1993లోనే ఆమోదించింది. పనిచేసే చోట స్త్రీలపై లైంగిక వేధింపులను ఆపడానికి చేసిన 2013 చట్టం ప్రకారం, పదిమంది కన్నా తక్కువ పనిచేసే చోట ఫిర్యాదు జిల్లా స్థానిక కమిటీకే ఇవ్వాలి. ఆ కమిటీ నంబరు మిర్చి యార్డు గేటు మీద, కోల్డ్ స్టోరేజీల దగ్గర తెలుగులో పెద్దక్షరాలతో రాయించండి. చదువు రానివాళ్ల కోసం మైకులో కూడా చెప్పించండి. కావాలంటే, వాళ్లు ఆటోలు దిగే వేళకు మేమే వచ్చి చెబుతాం.

ఇట్లు,
ఒక సమాజ సభ్యురాలు, గుంటూరు