పిఠాపురం కోడిని హిమాలయాలకు తోలమంటున్నారు

అయ్యా,

రెండు వారాల కిందట మీ పత్రికలో ఒక పాఠకుడి ఉత్తరం చదివాను. కుర్రకారు పురాణాల్లోంచి పాత్రల్ని తీసుకుని ఫాంటసీ నవలలు రాసేస్తున్నారనీ, వాటిని సెల్‌ఫోన్లలో వినిపించేస్తున్నారనీ, ఉన్నదాన్ని మార్చే హక్కు వీళ్లకెవరిచ్చారనీ ఆయన బాధ. ఆయన పెద్దవారై ఉంటారు. నేనూ చిన్నవాణ్ణేం కాదు, డెబ్బై రెండు నడుస్తున్నాయి. పాలకొల్లులో పాతికేళ్లు అద్దె పుస్తకాల కొట్టు నడిపాను. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు.

డిటెక్టివ్ పుస్తకాలే ఎక్కువ తిరిగేవి గానీ, అట్టలు ముందుగా ఊడిపోయేవి మాత్రం మాంత్రికుల కథలవే. 1986 ఆగస్టులో గోదావరికి పెద్ద వరద వచ్చినప్పుడు ఏటి మధ్య లంక ఊళ్ల నుంచి వచ్చి చుట్టాలిళ్లల్లో తలదాచుకున్న పిల్లలు కొందరు రోజంతా మా కొట్టు అరుగు మీదే ఉండేవారు. అద్దె అడగడానికి నోరు రాలేదు. ఇల్లు నీళ్లలో ఉన్న పిల్లాడు కూడా రాక్షసుడి ప్రాణం ఏ చిలకలో ఉందో తెలిసేదాకా అన్నానికి లేచేవాడు కాదు.

మార్చడం గురించే అయితే, మా అమ్మ వడ్లు చెరుగుతూ ఊర్మిళాదేవి నిద్ర పాట పాడేది. లక్ష్మణుడు అడవిలో ఉన్న పద్నాలుగేళ్లూ ఊర్మిళ నిద్రపోయిందని ఆ పాట. వాల్మీకి రామాయణంలో ఆ నిద్ర ఎక్కడుందో ఉత్తరం రాసినాయన చూపించగలరా? శ్రీనాథుడి భీమేశ్వర పురాణంలో చూడండి. కాశీలో తిరిగి తిరిగి భిక్ష దొరక్క వ్యాసుడికి ఒళ్లు మండుతుంది, శపించబోతాడు, శివుడు ఊరొదిలి పొమ్మంటాడు. అప్పుడు వ్యాసుడంతటివాడు ఎక్కడికొచ్చాడనుకున్నారు? మా ద్రాక్షారామానికి. కాశీలో పస్తున్నవాణ్ణి గోదావరి జిల్లాకి రప్పించారంటే, ఆ కథలో మావాళ్ల చెయ్యి ఉండే ఉంటుందని నా అనుమానం.

కాబట్టి మార్చారని నాకు కోపం లేదు. మనవరాలి పుణ్యమా అని రెండేళ్లలో ఈ కుర్రకారు ఫాంటసీలు ఇరవై దాకా చదివాను, విన్నాను. చాలావాటిలో కుర్రాడికి మూడో భాగంలో ఒక అస్త్రం దొరుకుతుంది, నాలుగో భాగంలో అంతకంటే పెద్దది. అవతలివాడికీ అంతే. ఆ శక్తి ఏ మాటతో అడిగి తెచ్చుకున్నాడో, ఆ మాటలో ఎక్కడ మెలిక ఉందో ఎవరూ చెప్పరు. హిరణ్యకశిపుడు పగలూ వద్దు, రాత్రీ వద్దు, ఇంట్లో వద్దు, బయటా వద్దు అని లెక్కపెట్టి అడిగాడు కాబట్టే సంధ్యవేళ గడప మీద కథ ముగిసింది. వరం దస్తావేజు లాంటిది. అందులో ఏ మాట రాశారన్నదే కథ.

మొన్న మాఘమాసంలో అంతర్వేది నరసింహస్వామి కల్యాణానికి మనవరాల్ని తీసుకెళ్లాను. నరసాపురం రేవులో పంటెక్కి, అంటే ఏరు దాటించే పెద్ద పడవెక్కి, సఖినేటిపల్లి వైపు వెళ్తుంటే, మోటారుసైకిళ్ల మధ్య నిలబడి రక్తవిలోచనుడి కథ చెప్పాను. వాడు హిరణ్యాక్షుడి కొడుకు. గోదావరి ఒడ్డున తపస్సు చేసి శివుణ్ణి మెప్పించాడు. తన ఒంట్లోంచి కారిన రక్తంతో ఎన్ని ఇసుక రేణువులు తడిస్తే అంతమంది తనలాంటి రాక్షసులు పుట్టాలన్నాడు. అడిగిన చోటు చూడండి. ఏరూ సముద్రమూ కలిసే దగ్గర ఎటు చూసినా ఇసుకే. కొండరాయి మీద నిలబడితే ఆ వరం దేనికీ కొరగాదు. ఈ కథ కట్టినవాడెవడో గానీ ఇసుకలో నడిచినవాడు.

వాడు వశిష్ఠుడి కొడుకుల్ని నూరుమందినీ చంపాడు. ఆయన మొరపెట్టుకుంటే నరసింహస్వామి వచ్చి చక్రం వేశాడు. రక్తం చిందింది, ఇసుకలోంచి రాక్షసులు మొలుచుకొచ్చారు. అప్పుడు మాయాశక్తి నాలుక చాపి చుక్క కింద పడకుండా పట్టింది. రక్తవిలోచనుడు అలా చచ్చాడు. ఆ తల్లినే మావైపు గుర్రాలక్క అంటారు, అంతర్వేదిలో గుడి ఉంది. కాళికాదేవి రక్తం తాగి చంపిన రక్తబీజుడి కథా ఇలాగే ఉంటుంది కదా అనొచ్చు. ఉంటుంది. రెండిట్లో ఏది నకలో ఉత్తరం రాసినాయనే తేల్చాలి.

పంటు దిగేసరికి మా పిల్ల ఏం మాట్లాడలేదు. భీమవరంలో ఇంజినీరింగ్ చదువుతోంది, కథలు రాసే పిచ్చి ఉంది. ఆటోలో కూర్చున్నాక, 'తాతా, ఇలాంటివి మన చుట్టుపక్కల ఇంకా ఉన్నాయా?' అంది. ఉన్నాయా అంటే! తారకాసురుడి గొంతులో ఉన్న ఆత్మలింగం ఐదు ముక్కలైతే అందులో ఒకటి మా పాలకొల్లు గుడిలోనే ఉంది. రోజూ కాలేజీకి వెళ్లే భీమవరంలో ఇంకోటి. నడిచే దారి పక్కనే ఉన్నవి పిల్లలకి చెప్పకపోవడం మా తప్పే.

ఆ పిల్లకి బాగా పట్టింది మాత్రం పిఠాపురం గయాసురుడు. వాడు చెడ్డవాడు కాదు. వాణ్ణి ముట్టుకుంటే ఎంత పాపికైనా మోక్షం వచ్చేసేది. అదే వాడి నేరం. యముడికి పనిలేకుండా పోయింది. త్రిమూర్తులు బ్రాహ్మణ వేషాల్లో వచ్చి, యజ్ఞం చేయడానికి నీ శరీరం కావాలన్నారు. ఏడు రోజులు కదలకూడదని షరతు. సరేనని పడుకున్నాడు. తల బీహారులోని గయలో, నాభి ఒడిశాలోని జాజ్‌పూర్‌లో, పాదాలు పిఠాపురంలో. కోడి కూతతో రోజులు లెక్కపెట్టుకుంటున్నాడు. ఏడో నాడు తెల్లారకుండానే శివుడు కోడై కూశాడు. గడువు అయిపోయిందనుకుని పాపం వాడు కదిలాడు. షరతు తప్పిందని వాణ్ణి చంపేశారు. అక్కడ స్వామి పేరు ఇప్పటికీ కుక్కుటేశ్వరుడే.

ఇందులో మోసం చేసింది దేవుళ్లు, మాట మీద నిలబడ్డది అసురుడు. ఆ కథ విని, పాదగయ అని పిలిచే ఆ పిఠాపురం క్షేత్రంలోనే పెద్దవాళ్లకి పిండాలు పెట్టుకుని జనం బస్సెక్కుతున్నారు. నాకు తెలిసి ఎవరి మనోభావాలూ దెబ్బతినలేదు.

మా పిల్ల ఈ కథని గయాసురుడి వైపు నుంచి రాసింది. మూడు రాజ్యాల మీదుగా వెల్లకిలా పడుకుని, కళ్లు మూసుకుని, ఒక్క చెవి మాత్రం దక్షిణాన కోళ్ల వైపు పెట్టిన మనిషి. ఆ ఆరో రాత్రి గురించి రాసింది చదివి నాకే నిద్ర పట్టలేదు. కథలు వినిపించే ఒక కంపెనీకి పంపింది. పది రోజులకి జవాబొచ్చింది. విలన్ మంచివాడైతే వినేవాళ్లకి ఎక్కదట. అతనికి ఇంకో రెండు పవర్స్ పెట్టాలట. పిఠాపురం అంటే లోకల్‌గా ఉంది, హిమాలయాల్లో ఏదైనా రహస్య నగరం అయితే బాగుంటుందట. చివర్లో కోడి కామెడీగా ఉంది కాబట్టి గరుడపక్షి పెట్టమన్నారు. పిల్ల రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

ఒకరేమో పురాణం ముట్టుకోవద్దంటారు, ఇంకొకరేమో ముట్టుకో గానీ మెలిక తీసేసి, ఊరి పేరు చెరిపేసి రాయమంటారు. ఉత్తరం రాసిన పెద్దాయన ఈ రెండోవాళ్ల మీద కోప్పడితే నేనూ పక్కన సంతకం పెడతాను.

మీ ఆదివారం అనుబంధంలో వీలుంటే ఆ కథ పంపిస్తాం. చేతిరాతలో పద్నాలుగు పేజీలు. నిడివి తగ్గించమంటే తగ్గిస్తుందట గానీ పిఠాపురాన్నీ, కోడినీ మాత్రం తీయనంటోంది.

ఇట్లు,
పాత అద్దె పుస్తకాల కొట్టువాడు,
పాలకొల్లు