క్లిక్కైన సినిమా, క్లిక్కుమన్న స్విచ్

సంపాదకులకు నమస్కారం.

మొన్న మీ పత్రికలో ‘సీరియస్ అయిన అధికారి’ అనే శీర్షిక చూశాను. ముప్ఫై ఏళ్లు ప్రూఫులు దిద్దిన చెయ్యి కదా, ఊరుకోలేక పెన్సిల్ తీశాను. గంభీరమైన మనిషి కాబోలు అనుకుని వార్త చదివితే, ఆయన ఎవరిమీదో కోప్పడ్డారట!

‘అందమైన’ అన్నప్పుడు ‘అయిన’ గుణం చెబుతుంది. అదే ఇంగ్లిష్ మాట పక్కన చేరితే, జరిగిపోయిన పనినే చాలాసార్లు చెబుతుంది. క్లియరైన జవాబు అంటే స్పష్టంగా ఉన్నది, క్లియరైన బకాయి అంటే తీరిపోయినది. షాకైన మనిషి ఉంటాడు గానీ షాకైన వార్త ఉండదు. అందుకే ‘షాకింగ్ వార్త’ అని ‘ఇంగ్’ తోకతో సహా తెచ్చుకున్నాం. దానితో నాకు పేచీ లేదు. ఫేమస్ నటుడు, సీరియస్ చర్చ లాంటివి ఏ ‘అయిన’ లేకుండానే నడిచిపోతున్నాయి.

నా పేచీ అంతా చప్పుళ్ల దగ్గర. ‘బజ్జింగ్ తేనెటీగలు’, ‘క్లిక్కింగ్ శబ్దం’ అని ఈమధ్య తరచూ కనిపిస్తోంది. ఝుమ్మనే తేనెటీగలకు ఏమొచ్చింది? తెలుగులో చప్పుడు చేసే వస్తువు ఆ చప్పుడును ‘అంటుంది’. గల్లుమన్న గజ్జె, తుస్సుమన్న టపాకాయ. ఆగకుండా సాగే చప్పుడైతే ‘ఆడుతుంది’. గలగలలాడే గాజులు, రెపరెపలాడే జెండా. ‘గలగలైన గాజులు’ అని పసిపిల్లలు కూడా అనరు.

ఈ తేడా నాకు చీవాట్లు తిన్నాకే తెలిసింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కథలో ‘ఖంగుమన్న నాణెం’ అని ఉంటే, అందంగా ఉంటుందని ‘గలగలలాడిన నాణెం’ అని మార్చాను. మర్నాడు రచయిత నేరుగా నా బల్ల దగ్గరికే వచ్చారు. “పడింది ఒక్క నాణెం, అదీ ఒక్కసారి. నువ్వు సంచీ మొత్తం ఒలకబోశావేమిటయ్యా?” అన్నారు.

తమాషా ఏమిటంటే, ఇంగ్లిష్ నుంచి వచ్చిన చప్పుళ్లకూ జనం ఇదే పద్ధతి పట్టించారు. ఫోన్ టింగుమంటుంది, యంత్రం బీప్‌మంటుంది. ‘బీపైన యంత్రం’ అని ఎవరి నోటా వినలేదు. ఇక ‘క్లిక్’ సంగతి చూడండి. ఆడితే క్లిక్కైన సినిమా, నొక్కితే క్లిక్కుమన్న స్విచ్! మాట ఒకటే అయినా, చప్పుడుగా వాడినప్పుడు ‘అను’ వచ్చింది, అర్థం కోసం వాడినప్పుడు ‘అవు’ వచ్చింది. 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యం అని తెలుగు మాటల్లో నాలుగు రకాలు చెప్పారు. ఈ క్లిక్కును వాటిలో ఎక్కడ కూర్చోబెట్టాలో పండితులు తేల్చుకునేలోగా, మామూలు మనుషులు దానికి రెండు కుర్చీలు వేసేశారు.

మీ డెస్కులో పనిచేసే పిల్లలకు ఒక్క మాట చెప్పండి. ‘బజ్జింగ్’ కనిపిస్తే కొట్టేసి ‘ఝుమ్మనే’ అని పెట్టమనండి. ఆ అధికారికి ‘మండిపడ్డ’ అంటే సరిపోయేది, శీర్షికలో కాస్త జాగా కూడా మిగిలేది.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రూఫ్ రీడర్