మలావి కందులు, మీ నోటిఫికేషన్: కేంద్ర వాణిజ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర వాణిజ్య, పరిశ్రమల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను మలావిలోని బ్లాంటైర్‌లో ఉద్యోగం చేసుకుంటున్న తెలుగువాణ్ణి. కందుల దిగుమతిపై మీ శాఖ ఇచ్చే నోటిఫికేషన్ల గురించి రాస్తున్నాను.

ఇక్కడికి దగ్గర్లో, ములాంజే కొండవైపు వెళ్లే దారిలో లుచెంజా అనే సంత ఊరుంది. ఎండు చేపలు, పాత బట్టల గుట్టలు, మందాసి అనే తీపి బోండాలు, గిరాకీ కోసం కాచుకున్న సైకిల్ టాక్సీలు. ఆగస్టు, సెప్టెంబరు వచ్చాయంటే మాత్రం అందరి నోటా నందోలో మాటే. మన కందులే! ఆడవాళ్లు నెత్తిన మూటలతో వస్తారు. దళారి మూటను స్ప్రింగ్ కాటాకు తగిలించి, ముల్లు నిలవకముందే తూకం చెప్పేస్తాడు. (ఈ విద్య మనకూ కొత్తేం కాదు లెండి.) చేతికొచ్చిన కాస్త క్వాచాల్లోనే (ఇక్కడి డబ్బు) పిల్లల హైస్కూలు ఫీజు, నవంబరు వానలకు ఎరువు సర్దుకోవాలి. మొక్కజొన్న ఇంటి తిండికి, అందులో అంతరపంటగా వేసిన కంది పైఖర్చుకు. కందికట్టె పొయ్యిలోకి. పటాన్‌చెరులో ప్రధాన కేంద్రమున్న అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఇచ్చిన విత్తనాలూ ఈ చేలల్లో ఉన్నాయి.

2015లో మన దగ్గర కందిపప్పు కిలో 200 రూపాయలకు చేరువైనప్పుడు ఆఫ్రికా కందులు కావాల్సి వచ్చాయి. ఇక్కడివాళ్లు ఆ ధర చూసి 2016 చివర్లో విత్తారు. మన దగ్గర పంట విరగపండింది. 2017 ఆగస్టు 5న, సరిగ్గా వీళ్ల కోతల వేళ, ఏడాదికి 2 లక్షల టన్నులకు మించి దిగుమతి కుదరదన్నారు. ప్రభుత్వ ఒప్పందాల కింద వచ్చే సరుకుకు ఆ పరిమితి లేదు. పక్కనున్న మొజాంబిక్‌కు అప్పటికే అలాంటి ఒప్పందం ఉంది, మలావికి లేదు. ధర కుప్పకూలింది. చేలో ఉన్న పంటను వెనక్కి తీసుకోలేరు కదా.

2021లో మలావితోనూ ఏటా 50,000 టన్నుల ఒప్పందం కుదిరింది, సంతోషం. ఆ ఏడాది మే నుంచి దిగుమతులూ స్వేచ్ఛగా సాగాయి. కానీ ఆ వెసులుబాటును ఏడాదికోసారి పొడిగిస్తూ వచ్చారు. విత్తేవాడికి కోతనాటికి గేటు తెరిచి ఉంటుందో లేదో తెలియదు. అదే టెన్షన్.

తాండూరు, కర్నూలు రైతుల నోట్లో మట్టి కొట్టమని అడగడం లేదు. వాళ్ల పంట డిసెంబరు, జనవరిలో వస్తుంది. సరుకు ఓడలు ఆ సమయంలోనే దిగితే దెబ్బతినేది వాళ్లే. అప్పుడు సుంకం వేయండి, తప్పులేదు. ఎంత వేస్తారో, ఏ నెల నుంచో ముందే చెప్పండి. అక్కడ జూన్‌లో, ఇక్కడ నవంబరులో విత్తుతారు కాబట్టి ఏటా మే నెలలోపు ప్రకటించి, మరుసటి ఏడాది డిసెంబరు దాకా దాన్ని మార్చకండి. ఆ కాగితాన్ని ఇక్కడివాళ్లు మాట్లాడే చిచేవా భాషలోకి తెచ్చి సంతల్లో అంటించే పని లిలాంగ్వేలోని మన హైకమిషన్‌కు అప్పగించండి. లేకపోతే ఆ సంగతి దళారికి ఒక్కడికే తెలుస్తుంది.

ఇట్లు,
బ్లాంటైర్ నుంచి ఒక తెలుగు ఉద్యోగి