కంపాస్ డబ్బాలోనే ఉంటే జ్యా ఎలా అర్థమవుతుంది?

సంపాదకుడు గారికి,

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. కేంద్రం నుంచి సమాన దూరంలో ఉన్న జ్యాలు (వృత్తం మీది రెండు బిందువుల్ని కలిపే గీతలు) సమానమనే సిద్ధాంతాన్ని నిరూపణతో సహా గడగడా అప్పజెప్పేస్తుంది. మొన్న ఊరికే, 5 సెంటీమీటర్ల వ్యాసార్థంతో వృత్తం గీసి అందులో సరిగ్గా 6 సెంటీమీటర్ల జ్యా ఒకటి గీయమ్మా అన్నాను. స్కేలు పట్టుకుని, రెండు కొసలూ వృత్తానికి ఎక్కడ తగులుతాయా అని అటూ ఇటూ జరపడం మొదలుపెట్టింది. కంపాస్‌ను 6కి తెరిచి, వృత్తం మీద ఎక్కడో ఒకచోట ముల్లు పెట్టి చిన్న చాపం (వంపు గీత) గీసి, అది వృత్తాన్ని కోసిన చోటికి గీత కలిపితే పని అయిపోతుందని తట్టనే లేదు. తప్పు తనది కాదు. కంపాస్ అంటే గుండ్రంగా గీసేదని నేర్పారు గానీ, ఒక దూరాన్ని చెక్కుచెదరకుండా ఇంకో చోటికి మోసుకెళ్లేదని ఎవరూ చెప్పలేదు. బడిలో అడిగితే, పరీక్షలో గీయమని రాదు కదండీ, సిలబస్ ఎప్పుడు పూర్తిచేయాలి అన్నారు.

ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని అదే వృత్తంలో 2, 4, 6, 8 సెంటీమీటర్ల జ్యాలు గీసి, కేంద్రం నుంచి ఒక్కోదానికి లంబ దూరం కొలిచాం. దాదాపు 4.9, 4.6, ఆ తర్వాత 4, 3. జ్యా 10 అయితే అది వ్యాసమే కాబట్టి దూరం సున్నా. జ్యా రెండేసి పెరుగుతుంటే దూరం కూడా ఒకేలా తగ్గాలి కదా, మొదట మూడు మిల్లీమీటర్లే తగ్గి చివర్లో ఒక్కసారిగా 3 సెంటీమీటర్లు ఎలా పడిపోయింది నాన్నా అని, కంపాస్ మర వదులైందేమోనని బిగించి మరీ మళ్లీ గీసింది (మర నిజంగానే వదులుగా ఉంది, అది వేరే సంగతి). మళ్లీ అవే అంకెలు. అప్పుడు సగం జ్యా, లంబం, వ్యాసార్థం కలిసి లంబకోణ త్రిభుజం అయ్యాయని తనే చూసింది. 6 జ్యాకి 3, 4, 5. తర్వాత 6 సెంటీమీటర్ల జ్యాలే వృత్తం చుట్టూ ఓ ఇరవై గీసేసరికి, మధ్యలో ఎవరూ గీయని 4 సెంటీమీటర్ల వ్యాసార్థం గల చిన్న వృత్తం తేలింది. ఇన్నాళ్లూ అప్పజెప్పింది దీని గురించేనా అంది.

ప్రాచీన గ్రీకు గణితవేత్త యూక్లిడ్ కూడా తన రేఖాగణిత గ్రంథం మొట్టమొదటి ప్రతిపాదనలో వృత్తాలు గీసి, రెండోదానిలోనే ఒక దూరాన్ని మరో బిందువు దగ్గరికి ఎలా చేర్చాలో చెప్పాడు. పరిధిలో ఆరో వంతుకు జ్యా వ్యాసార్థానికి సమానమని ఆర్యభటుడు 499లో రాశాడు. కంపాస్‌ను వ్యాసార్థానికే తెరిచి ఉంచి వృత్తం మీద అడుగులేయిస్తూ పోతే ఆరో అడుగుకి మొదటి చోటికే వస్తుంది, చూడటానికి రెండు నిమిషాలు చాలు. జ్యా అంటే వింటినారి, చాపం అంటే విల్లు అని చెప్పినా పిల్లలకు బొమ్మ కళ్లకు కడుతుంది, అదీ చెప్పరు. ఫోన్లో యాప్‌లు ఉన్నాయి కదా అంటారు, మంచివే, కానీ వాటిలో దూరం ఎంతో పక్కనే చూపించేస్తుంటే ఊహించడానికి ఏం మిగిలింది?

సిలబస్ తయారుచేసేవాళ్లను నేనడిగేది పెద్దదేం కాదు. వృత్తాల పాఠంలో సిద్ధాంతం బోర్డు మీదకి ఎక్కేముందు రెండు పీరియడ్లు పిల్లల్ని గీయనివ్వండి. మార్కులుంటే తప్ప బడులు పట్టించుకోవు కాబట్టి పరీక్షలో ఒక ప్రశ్న పెట్టండి. వృత్తంలో ఒక ముక్క మాత్రమే ఇచ్చి కేంద్రం ఎక్కడో కనుక్కోమనండి. సమాంతరంగా లేని రెండు జ్యాలు గీసి, వాటి లంబ సమద్విఖండన రేఖలు (ఒక్కో జ్యాను సరిగ్గా మధ్యలో లంబంగా కోసే గీతలు) కలిసే చోటు చూడటమే కదా. కంపాస్ పట్టకుండా, బట్టీ పట్టి ఆ ప్రశ్నకి జవాబివ్వడం కుదరదు.

ఇట్లు,
ఒక తొమ్మిదో తరగతి విద్యార్థిని తండ్రి